కాఫీ 20, కుర్చీ 230: ఇందిరానగర్ కేఫులు, బేకరీల్లో నా నాలుగు నెలలు

 

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, మేం బెంగళూరు వస్తున్నాం. ఇందిరానగర్‌లో ఏ కేఫ్‌కి వెళ్ళాలి, ఏ బేకరీలో ఏం తినాలి, ఒక వీడియో చెయ్యి" అని. చేస్తున్నా. కాకపోతే ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఏరియా నాకు రీల్స్ తీస్తూ తెలిసింది కాదు. ఉద్యోగం పోయినప్పుడు తెలిసింది. అందుకే ఇది టాప్ టెన్ లిస్టులా ఉండదు. కొంచెం ఓపిగ్గా వినండి, చివర్లో మీకు పనికొచ్చేవి కూడా ఉంటాయి.

నాది మదనపల్లె. డొమ్లూరులో ఒక పీజీలో ఉండేవాణ్ణి, త్రీ షేరింగ్, నెలకు 8,500. డొమ్లూరు అంటే ఇందిరానగర్‌కి పక్కనే, నడిచి వెళ్ళొచ్చు. 2023లో మా కంపెనీలో ఒక బుధవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టారు. మీటింగ్ అయ్యేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. అంతే. ఆ రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పానో తెలుసా? "ఆఫీసు బానే ఉందమ్మా, పని ఎక్కువగా ఉంది" అన్నా.

రూమ్‌లో కూర్చుని ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుదామంటే కుదరదు. ఒక రూమ్మేట్‌ది నైట్ షిఫ్ట్. పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు. లైట్ వేయకూడదు, మాట్లాడకూడదు. అందుకని రోజూ పదింటికి స్నానం చేసి, నా సొంత పాత ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకుని, ఆఫీసుకి వెళ్తున్నట్టే బయల్దేరేవాణ్ణి. అలా మొదలైంది నా కేఫ్ టూర్.

ఇప్పుడు ఏరియా గురించి. ఇందిరానగర్ 1970లలో ఇళ్ళ లేఅవుట్‌గా పెరిగిన ప్రాంతం. పెద్ద చెట్లు, ముందు తోట ఉన్న బంగళాలు. ఆ ఇళ్ళే చాలావరకు ఇప్పుడు కేఫులు, బట్టల షాపులు, పబ్బులు అయ్యాయి. అందుకే అక్కడ చాలా కేఫుల్లో మీకు వరండా ఉంటుంది, మెట్లు ఉంటాయి, మధ్యలో ఒక మామిడి చెట్టో పనస చెట్టో ఉంటుంది. అది సెట్టింగ్ కాదు, ఎవరో ఒకప్పుడు కాపురం ఉన్న ఇల్లు. 2011 అక్టోబరులో బెంగళూరుకి మొట్టమొదటి మెట్రో వచ్చినప్పుడు, ఆ మొదటి ముక్కలోనే ఇందిరానగర్ స్టేషన్ ఉంది. పర్పుల్ లైన్‌లో దిగితే కిందే సీఎంహెచ్ రోడ్డు. అక్కడి నుంచి హండ్రెడ్ ఫీట్ రోడ్డు, దాన్ని పట్టుకుని ట్వెల్త్ మెయిన్. మీరు ఫోన్లో చూసే కేఫులు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే.

మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సింది కూడా అక్కడొకటుంది. అరకు కాఫీ వాళ్ళు 2017లో ప్యారిస్‌లో కేఫ్ పెట్టారు, 2021లో ఇందిరానగర్‌లో పెట్టారు. అరకు లోయ అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు మిరియం తీగలు పాకిన చెట్ల నీడన పండించే గింజ అది. మెనూలో "అరకు" అన్న పేరు చూసినప్పుడు పరాయి ఊళ్ళో మన చుట్టం కనపడినట్టు అనిపించింది నాకు.

మొదటి నెల నేను రాజులాగా తిరిగాను. ఇవాళ ఒక కేఫ్, రేపు ఇంకొకటి. క్యాపుచినో, పోర్ ఓవర్, కోల్డ్ బ్రూ. ఆకలేస్తే క్రోసాన్. ఒకరోజు కేఫ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఏందిరా ఆ బుస్సుమని సౌండు?"

"కాఫీ మిషన్ అమ్మా. ఆఫీసులో."

"మీ ఆఫీసులో కాఫీ కూడా ఇస్తారా! ఫ్రీనేనా?"

"ఫ్రీనే అమ్మా."

ఆ ఫ్రీ కాఫీ బిల్లు 263 రూపాయలు. (నవ్వు)

నెలాఖర్లో పీజీ అద్దె కట్టడానికి యూపీఐ యాప్ తెరిచా. హిస్టరీ పైకి జరుపుతూ ఊరికే కేఫుల బిల్లులు కూడా కూడుకుంటూ పోయా. 9,140 రూపాయలు. పీజీ అద్దె 8,500. అంటే పడుకునే మంచం కంటే కూర్చునే కుర్చీకి ఎక్కువ కట్టాను. జీతం లేని నెలలో!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఆ 250 రూపాయలు దేనికి కడుతున్నానో లెక్క వేశా. మీరూ వేయండి. ఒక డబుల్ షాట్‌కి సుమారు 18 గ్రాముల కాఫీ పొడి పడుతుంది. గింజలు మంచివే, కిలో 1,600 అనుకుందాం. 18 గ్రాములకి 29 రూపాయలు. ఇంకో పది, పదిహేను రూపాయల పాలు. మిగతా రెండొందల చిల్లర ఎక్కడికి పోయింది? ఆ బంగళా అద్దెకి, లక్షల్లో ఉండే మిషన్‌కి, పనిచేసే పిల్లల జీతాలకి, ఏసీకి, వైఫైకి. అంటే నేను కూర్చునే కుర్చీకి. వాళ్ళేం మోసం చేయట్లేదు. కాఫీ పేరుతో కుర్చీ అద్దెకిస్తున్నారు. నేనే ఆ లెక్క తెలియకుండా కడుతున్నా.

అదే రోడ్డులో దర్శిని హోటల్‌కి వెళ్తే ఫిల్టర్ కాఫీ అప్పట్లో 20 రూపాయలు. చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్, పైన నురగ. ఇద్దరుంటే వన్ బై టూ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ కుర్చీ ఉండదు. గుండ్రటి బల్ల దగ్గర నిలబడి తాగాలి, గ్లాసు పెట్టేసి వెళ్ళిపోవాలి. 1980లలో బెంగళూరులో మొదలైన ఈ దర్శిని పద్ధతే అది. కూర్చోబెట్టరు కాబట్టే అంత చవక.

రెండో నెల ఇంకో దెబ్బ తగిలింది. ఒక కేఫ్‌లో కూర్చుని వీడియో ఇంటర్వ్యూకి జాయిన్ అయ్యా. మధ్యాహ్నం ఒంటిగంట. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ వెనకాల జ్యూస్ మిక్సీ గిర్రున తిరిగేది. మూడోసారి అవతలాయన, "ఎక్కడున్నారండీ మీరు? మళ్ళీ చూద్దాం" అని పెట్టేశాడు. మళ్ళీ చూడలేదు. తప్పు కేఫ్‌ది కాదు, లంచ్ టైమ్‌లో పెట్టుకున్న నాది. కానీ ఆ రోజు చాలా ఏడుపొచ్చింది.

బ్యాగు వేసుకుని డొమ్లూరు వైపు నడుస్తున్నా. సాయంత్రం నాలుగు, నాలుగున్నర. సందు మొదట్లో ఒక అయ్యంగార్ బేకరీ. రోజూ దాటిపోయేవాణ్ణే, ఎప్పుడూ ఆగలేదు. అప్పుడే ట్రే బయటికి తీశారు. వేడి బన్నులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు వాసన. ఖారా బన్ అంటారు. నా కాళ్ళు ఆగిపోయాయి.

ఈ బేకరీల సంగతి కొంచెం చెప్పాలి. హాసన్ జిల్లా నుంచి వచ్చిన అయ్యంగార్ కుటుంబాలు బెంగళూరులో మొదలుపెట్టిన బేకరీలు ఇవి. శాకాహారులు కాబట్టి గుడ్డు వేయకుండా కేకులు, బన్నులు చేయడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ బోర్డు ఉన్నవన్నీ వాళ్ళవే అని లేదు, కానీ ఆ రుచులు మాత్రం ఊరంతా పాకాయి. కొబ్బరి, టూటీఫ్రూటీ కూరిన దిల్ పసంద్. పాకం పీల్చుకున్న కేకు మీద జామ్ పూసి కొబ్బరి చల్లిన హనీ కేక్. వెన్న బిస్కెట్లు. కాంగ్రెస్ కడలెకాయి అని మసాలా వేసిన పల్లీలు. బెంగళూరు వస్తే ఇవి తినకుండా వెళ్ళొద్దు.

కౌంటర్ దగ్గర యాభై ఏళ్ళాయన. నా చేతిలో బన్ను పెట్టి, ఒకసారి పైనుంచి కిందికి చూసి, "ఏనప్పా, కెలస హోయ్తా?" అన్నాడు. ఉద్యోగం పోయిందా అని.

నేను బిత్తరపోయా. ఎలా తెలిసిందని అడిగా. ఆయన కన్నడ, తెలుగు కలిపి చెప్పాడు. "రోజూ ఇటే పోతావు కదా. ముందు మెళ్ళో ట్యాగ్ ఉండేది. ఇప్పుడు బ్యాగు ఉంది, ట్యాగ్ లేదు."

ఐడీ కార్డు! రెండు నెలలు మా అమ్మని, నాన్నని, రూమ్మేట్లని నమ్మించా. ఈయన అరటిపండు ఒలిచినట్టు చెప్పేశాడు. "అవును అంకుల్, పోయింది" అన్నా. ఆ మాట మొదటిసారి బయటికి అనడం. ఆయన పెద్దగా ఓదార్చలేదు. "సిగత్తె బిడు", దొరుకుతుందిలే అని, టీ ఇచ్చి, లోపల పిండి బస్తాల పక్కనున్న ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేశాడు. బన్ను, టీ కలిపి 35 రూపాయలు. స్టూల్‌కి డబ్బులు తీసుకోలేదు.

ఆ స్టూల్ మీద కూర్చునే నాన్నకి ఫోన్ చేశా. చెప్పేశా. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "చేతిలో డబ్బులుండాయా నాయనా?" అన్నాడు. ఉన్నాయన్నా. "ఇంటికొస్తావో, ఆడే ఉండి చూసుకుంటావో నీ ఇష్టం. మీ అమ్మ మాత్రం మీ ఆఫీసులో కాఫీ ఫ్రీ అని వీధంతా చెప్పింది. అది నువ్వే చూసుకో" అన్నాడు. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి నాకు.

ఆ తర్వాత రెండు నెలలు పద్ధతి మార్చేశా. నేను పాటించినవే చెప్తా, రాసుకోండి.

ఒకటి, చదువుకోవడానికి కుర్చీ కావాలంటే కేఫ్ ఒక్కటే దారి కాదు. ఇందిరానగర్‌లో మెట్రో ఎక్కితే హలసూరు, ట్రినిటీ, ఎంజీ రోడ్, కబ్బన్ పార్క్. నాలుగో స్టేషన్‌లో దిగితే పార్కులో ఎర్రటి పాత భవనం, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. కూర్చుని చదువుకోవడానికి ఎవరూ డబ్బులడగరు. టైమింగ్స్, సెలవులు చూసుకుని వెళ్ళండి.

రెండు, ఇంటర్వ్యూ కాల్ ఉంటే కేఫ్‌కి పొద్దున తెరవగానే వెళ్ళండి, అదీ మామూలు రోజుల్లో. మిషన్‌కి దూరంగా, గోడ పక్కన కూర్చోండి. ప్లగ్ పాయింట్, వైఫై సంగతి ఆర్డర్ ఇవ్వకముందే అడగండి. లంచ్ రష్ మొదలైతే లేచిపోండి. ఒక్క కాఫీతో ఆరు గంటలు కూర్చుంటే వాళ్ళకీ అద్దె కట్టాలి కదా.

మూడు, బిల్లు చదవండి. 5 శాతం జీఎస్టీ పన్ను, అది కట్టాలి. సర్వీస్ ఛార్జి అని విడిగా వేస్తే అది మీ ఇష్టం. బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమనండి.

నాలుగు, పెద్ద బేకరీలో డబ్బు పెడితే చేతిపని ఉన్నదానికే పెట్టండి. క్రోసాన్ అంటే పిండిలో వెన్న పెట్టి మడతపెట్టడం. మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే 27 వెన్న పొరలు. మధ్యమధ్యలో చల్లబరచాలి, అందుకే చాలాచోట్ల ముందు రోజే మొదలుపెడతారు. సావర్‌డో కూడా అంతే, మన దోసె పిండిలాగే దానంతటది పులియాలి. వీటికి 200 ఇచ్చినా న్యాయమే, కానీ పొద్దున్నే తినండి. సాయంత్రానికి మెత్తబడిపోతుంది. ఖారా బన్నుకి మాత్రం సాయంత్రమే వెళ్ళండి.

నాలుగో నెల చివర్లో ఉద్యోగం వచ్చింది. జీతం ముందుకంటే తక్కువే. మెళ్ళో కొత్త ట్యాగ్ వేసుకుని ముందు ఆ బేకరీకే వెళ్ళా. ఆయన ట్యాగ్ చూశాడు. ఏమీ అనలేదు. బన్ను ఇచ్చాడు. "టీ?" అన్నాడు. నిలబడే తాగా.

ఇప్పుడూ నెలకోసారి ట్వెల్త్ మెయిన్‌కి వెళ్తా. మంచి పోర్ ఓవర్ ఒకటి తాగుతా, చెట్టు కింద గంట కూర్చుంటా. 250 ఇస్తా, హాయిగా ఇస్తా. దేనికి ఇస్తున్నానో ఇప్పుడు తెలుసు కాబట్టి.

ఇది చూస్తున్నవాళ్ళలో ఎవరైనా ఇవాళ కేఫ్‌లో కూర్చుని "ఆఫీసులో ఉన్నా" అని ఇంటికి చెప్తుంటే, సాయంత్రం ఒక ఫోన్ చేయండి. నేను భయపడినంత ఏమీ జరగలేదు. మీ ఊళ్ళో, మీ ఏరియాలో కూర్చుంటే లేవమనని చోటు ఏదైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి, వేరేవాళ్ళకి పనికొస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, బై.