మన తీగ – మన కావలి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాటల కచేరీకిని నాటకమునకును నడుమ పదిహేను నిమిషములు మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. విషయమును మాత్రము నా యిష్టమునకే విడిచిపెట్టినారు. సాహిత్యమును గూర్చి మాట్లాడదగిన పెద్దలు ఈ సభలో పలువురున్నారు. నేను దస్త్రముల నడుమ కాలము గడుపువాడను. కావున దస్త్రములలో నాకు పరిచయమైనదియు, మా యింటితో సంబంధము గలదియు నగు ఒక విషయమును ఎన్నుకొన్నాను. పల్లెలకు విద్యుచ్ఛక్తిని తెచ్చిన సహకార సంఘములను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మాది సిరిసిల్ల ప్రాంతములోని ఒక పల్లె. అది ఒకనాడు కరీంనగరం జిల్లాలోనిది. 2016 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. పట్టణములో మరమగ్గముల చప్పుడు, చుట్టుప్రక్కల బావులను నమ్ముకొన్న మెట్ట సేద్యము – ఇదియే మా సీమ. మా తాతగారు రైతు. ఆయన ఇనుప పెట్టెలో భూమి కాగితములతోపాటు మరియొక కాగితము భద్రముగా నుండెడిది. అది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘములో ఆయన తీసికొన్న వాటాకు రసీదు. ఆ సంఘమును మా ప్రాంతమువారు ‘సెస్’ అని పిలిచెదరు. సంఘ మహాసభ జరుగునాడు ఆయన ఉతికిన ధోవతి కట్టి, కండువా వేసికొని, పెండ్లికి వెళ్ళునట్లు బస్సెక్కి వెళ్ళెడివారు. ‘కరెంటు వస్తనే ఉన్నది గద తాతా, నువ్వు పోకుంటే ఏమైతది?’ అని చిన్నతనమున ఒకసారి అడిగినాను. ‘మన తీగను మనమే కావలి గాయాలె గద బిడ్డా’ అని ఆయన చెప్పినారు. ఆ మాటలోని అర్థము నాకు బోధపడుటకు ముప్పది యేండ్లు పట్టినది. అది ఎట్లు బోధపడినదో చివర చెప్పెదను.

పట్టణములో ఒక్క స్తంభమునుండి పది యిండ్లకు తీగ లాగవచ్చును. పల్లెలో పది స్తంభములు పాతినను ఒక్క బావి వద్దకు చేరకపోవచ్చును. ఖర్చు హెచ్చు, రాబడి తక్కువ. అందుచేత లాభము కొరకు నడచు కంపెనీ పల్లెకు తనంతట తాను వెళ్ళుట అరుదు. అమెరికా వంటి ధనిక దేశములో సైతము 1935 నాటికి రమారమి పది వ్యవసాయ కుటుంబములలో ఒక్క కుటుంబమునకే విద్యుద్దీపము ఉండెను. ఆ సంవత్సరము మే 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణమునకై ఒక ప్రభుత్వ సంస్థను స్థాపించినాడు. మరుసటి సంవత్సరము దానికి చట్టబద్ధత కలిగినది. తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చినచో కంపెనీలు పల్లెలకు వెళ్ళునని మొదట తలచినారు. కాని అప్పునకై ముందుకు వచ్చినవారిలో అత్యధికులు రైతుల సహకార సంఘములవారు. పలుచోట్ల 5 డాలర్ల సభ్యత్వ రుసుముతో ఇంటింటికి తిరిగి సభ్యులను చేర్చినారు. తమ పొలములమీదుగా తీగ పోవుటకు ఉచితముగా దారి ఇచ్చినారు. 1953 నాటికి అచ్చటి వ్యవసాయ కుటుంబములలో నూటికి తొంబదికి పైగా విద్యుత్తును పొందినవి. నేటికిని సుమారు 900 సంఘములు ఆ దేశములో పని చేయుచున్నవి.

మన దేశములో ఈ ప్రయోగమునకు కరవు కారణమైనది. 1965 మొదలు రెండేండ్లు వరుసగా వానలు లేక దేశము ధాన్యమునకై ఓడలవైపు చూడవలసి వచ్చినది. బావులకు పంపుసెట్లు అమర్చనిదే తిండిగింజల కొరత తీరదని అందరును గ్రహించినారు. శ్రీ బి. వెంకటప్పయ్యగారి అధ్యక్షతన నియమితమైన అఖిల భారత గ్రామీణ ఋణ సమీక్షా సంఘము చేసిన సిఫారసు ననుసరించి 1969 జూలై 25న గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. అమెరికా విద్యుత్ సహకార సంఘముల సమాఖ్య నిపుణుల సలహాతో అయిదు చోట్ల సహకార సంఘములను ప్రయోగాత్మకముగా నెలకొల్పినారు. అవి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల, నాటి మైసూరు రాష్ట్రములో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ముళా–ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. సిరిసిల్ల సంఘము 1970లో రిజిస్టరైనది. తరువాత మన తెలుగునాట అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం మొదలైన చోట్ల కూడ ఇట్టి సంఘములు వెలసినవి.

ఇట్టి సంఘము విద్యుత్తును ఉత్పత్తి చేయదు. పూర్వము రాష్ట్ర విద్యుత్ బోర్డు నుండియు, ఇప్పుడు పంపిణీ సంస్థ నుండియు టోకున కొని, తన తీగలమీద సభ్యుల యిండ్లకు, బావులకు, మగ్గములకు చేర్చును. స్తంభములు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు సంఘము ఆస్తి. ధరలను నియంత్రణ మండలి నిర్ణయించును. పాలకవర్గమును సభ్యులే ఓటు వేసి ఎన్నుకొందురు. తీగకు కొక్కెము తగిలించి దొంగతనముగా కరెంటు వాడుకొన్నవాడు ఎక్కడో నగరములోనున్న ప్రభుత్వమును కాదు, ప్రక్కయింటి వానిని మోసగించినవాడగును. నష్టము సంఘమునకు వచ్చిన, అది తిరిగి సభ్యుని నెత్తినే పడును. ఈ పద్ధతికి గల బలమంతయు ఇందులోనే ఉన్నది.

బలమున్నచోటనే బలహీనతయు నున్నది. ఆ అయిదు సంఘములలో నేటివరకు నిలిచినవి సిరిసిల్ల, హుక్కేరి. ముళా–ప్రవర సంఘము ఒకప్పుడు చెరకు రైతుల సీమలో ఎంతో పేరు గాంచినది. కాని టోకున కొన్న విద్యుత్తునకు చెల్లింపవలసిన బకాయిలు పెరిగి, వివాదములు ముదిరి, 2011లో అచ్చటి పంపిణీ రాష్ట్ర సంస్థ చేతిలోనికి వెళ్ళినది. సంఘముపేర తీసికొన్న అప్పు తనది కాదని సభ్యుడు తలచినంతకాలము సంఘము ఎవరిదియు కాకపోవును. ఎవరిదియు కానిదానిని ఎవరు కాపాడుదురు?

మరియొక చిక్కును కూడ దాచక చెప్పవలెను. 2004 నుండి మన ప్రాంతములో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. ఆ మేలును చులకన చేయుట నా యుద్దేశ్యము కాదు. బిల్లు కట్టలేక మోటారు విప్పి ఇంటిలో పెట్టుకొన్న రైతులను నేనెరుగుదును. వారికి అది ప్రాణదానము. అయితే రైతుకు బదులు ప్రభుత్వము చెల్లించునప్పుడు, లెక్క అడుగు అలవాటు రైతునుండి జారిపోవును. చెల్లించినవాడే గదా చిట్టా చూపుమనును! కావున ఉచితము వచ్చిన తరువాత సభ్యుడు మహాసభకు వెళ్ళవలసిన అవసరము తగ్గలేదు, హెచ్చినది.

మన పొరుగు దేశములలో కూడ ఈ మార్గమును త్రొక్కినవారున్నారు. బంగ్లాదేశ్‌లో 1977లో గ్రామీణ విద్యుదీకరణ మండలి ఏర్పడి, దాని క్రింద ‘పల్లీ విద్యుత్ సమితులు’ వెలసినవి; నేడు అట్టివి 80 కలవు. నేపాల్‌లో 2003 నుండి నూటికి 20 వంతుల ఖర్చును గ్రామస్థులు భరించినచో తక్కిన 80 వంతులు ప్రభుత్వము భరించి, పంపిణీ బాధ్యతను గ్రామ సంఘమునకే అప్పగించు పద్ధతి నడచినది. ఆ ఇరువది వంతులను గ్రామస్థులు చందాలుగా, స్తంభములు మోసిన శ్రమగా కూడబెట్టుకొన్నారు. సొమ్ముకంటె విలువైనది ఆ మోసిన భుజమే. తాను మోసిన స్తంభమును ఎవడును పడగొట్టనీయడు.

ఇక మన కార్యాలయముల సంగతి. చాలకాలము వరకు, రెవెన్యూ గ్రామపు ఎల్లలలో ఎక్కడనైనను, ఏ పనికైనను కరెంటు వాడినచో ఆ గ్రామము వెలిగినట్లే మనము వ్రాసికొంటిమి. ఊరి వెలుపల ఒక్క మోటారు తిరిగిన చాలును, ఊరంతయు దీపావళియే! 2004లో ఆ నిర్వచనమును మార్చి, బడి, పంచాయతీ కార్యాలయము వంటి చోట్లకును, కనీసము నూటికి పది యిండ్లకును విద్యుత్తు ఉండవలెనన్నారు. అప్పటికిని తొంబది యిండ్లు చీకటిలోనున్నను లెక్క సరిపోయెడిది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్‌తో దేశములోని గ్రామములన్నియు విద్యుత్తును పొందినవని ప్రకటించినారు. అది గొప్ప కార్యము. అందులో పాలు పంచుకొన్నవారు ఈ సభలోను ఉండవచ్చును. కాని దీపము వెలిగించుట ఒకనాటి పని, దానిని ఆరకుండ చూచుట ప్రతినాటి పని. మొదటిదానిని ప్రభుత్వము చేయగలదు. రెండవదానికి ఊరు కావలెను.

ఇప్పుడు తాతగారి మాట నాకెట్లు బోధపడినదో చెప్పెదను. తాతగారు పోయినారు. తరువాత నాన్నగారును పోయినారు. ఇంటి మీటరు మాత్రము తాతగారి పేరనే ఉండిపోయినది. ఢిల్లీనుండి నేను నెలనెలా ఫోనులో బిల్లు కట్టుచుంటిని. కర్తవ్యము తీరినదనుకొంటిని. 2022 డిసెంబరులో సంఘ పాలకవర్గమునకు ఎన్నికలు వచ్చినవి. ఒకరాత్రి మా చిన్నాయన ఫోను చేసి, ‘మనింటి ఓటు ఎవలు వేస్తరు బిడ్డా?’ అని అడిగినాడు. నా నోట మాట రాలేదు. ఆ యింటి ఓటు చనిపోయిన మనిషి పేర నిద్రపోవుచున్నది. ఎందరి దస్త్రములోనో ‘వారసత్వ ధ్రువపత్రము జతపరుపబడలేదు’ అని ఎఱ్ఱసిరాతో వ్రాసిన చేయి నాది. నా యింటి కాగితమునకు ఆ చేయి ఖాళీ దొరకలేదు. తప్పు మరెవరిదియు కాదు, నాదే.

మరుసటి సెలవులో ఊరికి వెళ్ళి కాగితములు ముందు వేసికొన్నాను. మొదట నా పేర వ్రాయించవలెననియే కోరిక. తాతగారి వాటా మనుమని పేర నుండుట గౌరవమనిపించినది. కాని ఆ యింటిలో దీపము వెలిగించునది మా చిన్నమ్మ. కరెంటు పోయిన రాత్రి చీకటిలో కూర్చుండునదియు ఆమెయే. ఏడాదికి పది దినములు అతిథివలె వచ్చి పోవు నాకు ఆ ఓటుతో ఏమి పని? తీగ ఎవరి యింటిదో కావలి వారిదే కావలెను. అందుచేత ఆమె పేర మార్పించుటకు దరఖాస్తు వ్రాసినాను. చిన్నమ్మ వ్రేలిముద్ర వేయుదునన్నది. మా చెల్లెలు పట్టుబట్టి సంతకము నేర్పించినది. ఆ వంకర అక్షరములను చూచినప్పుడు, ఇన్నేండ్లుగా నేను పెట్టిన సంతకములకంటె అది బరువైనదని తోచినది.

సోదరులారా, ఇది పల్లెవారి సంగతి, మనకెందుకని అనుకొనరాదు. మనమందరము ఏదో ఒక సహకార సంఘములో సభ్యులమే. 1963లో ఉద్యోగుల కొరకు వెలసిన కేంద్రీయ భండార్‌లో సరకులు కొనుచున్నాము; పొదుపు సంఘములో అప్పు తీసికొనుచున్నాము; గృహనిర్మాణ సంఘములో ఇల్లు కట్టుకొన్నాము. వీనిలో ఎన్నింటి మహాసభలకు మనము వెళ్ళినాము? అంతవరకెందుకు, మన ఈ తెలుగు సంఘపు సర్వసభ్య సమావేశమునే చూడుడు. ఏటేట కోరము చాలక అరగంట వాయిదా వేసి, ఉన్న పదునొకండుగురితోనే కోశాధికారిగారు లెక్కలు చదువుచున్నారు. ఉగాదినాటి పులిహోరకు మాత్రము కోరము ఏనాడును తక్కువ కాలేదు!

నేను కోరునది స్వల్పము. ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన తరువాత మీ సొరుగులు వెదకుడు. ఊరిలోని పాలసంఘముదో, నేతసంఘముదో, పరపతి సంఘముదో, తండ్రితాతల పేరనున్న వాటా రసీదు ఒకటి దొరుకవచ్చును. దొరికినచో దానిని పటము కట్టించి గోడకు తగిలింపవద్దు. ఊరిలో ఎవరు దానిని వాడుకొనుచున్నారో వారి పేర మార్పించుడు. వచ్చే మహాసభకు వారిని బస్సెక్కించి పంపుడు.

వచ్చే మహాసభకు మా చిన్నమ్మ వెళ్ళవలెనని నిశ్చయించుకొన్నది. ఉతికిన చీర ఇప్పటినుండియే తీసి పెట్టుకొన్నదట.

 నాటకము ఆలస్యమగుచున్నది. సెలవు.