పెద్దల పోషణ: ఖర్చుల లెక్క



పెద్దవాళ్ళను ఎక్కడ ఉంచాలన్న మాట వస్తే మనలో చాలామందిమి తల దించుకుంటాము. సిగ్గుపడి లాభం లేదు, లెక్క చూసుకుందాము.

ఇంట్లో ఉంచుకుంటే అద్దె లేదు, నిజమే. కాని మందులున్నాయి, మంచం పడితే ఆయా జీతం ఉంది. కోడలి రెక్కల కష్టం మనం ఏ పద్దులోనూ రాయము. వృద్ధాశ్రమమైతే నెలసరి రుసుము ఒక్కటే అడిగి రాకండి. డిపాజిట్ తిరిగి ఇస్తారా, ఆసుపత్రి ఖర్చు ఎవరిది, హలాల్ భోజనం, కూర్చుని వజూ చేసే వీలు, నమాజుకు చోటు ఉన్నాయా అని కనుక్కోండి.

ప్రభుత్వ సాయం కొంత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలైంది. 70 ఏళ్ళు నిండినవారికి అదే ఏడు ఆయుష్మాన్ భారత్ వర్తించింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం. పోషణ కోరే హక్కు 2007 చట్టం ఇచ్చింది.

అయితే ఒక్క మాట. కన్నవారికి మన జకాత్ సొమ్ము ఇస్తే చెల్లదు. వారి పోషణ మన సొంత సంపాదనలోంచి తీర్చవలసిన బాకీ. తోబుట్టువులంతా కూర్చుని వాటాలు రాసుకోండి. గల్ఫ్‌లో ఉన్నవారు డబ్బు పంపితే దగ్గరున్నవారు సేవ చేస్తారు. అన్నిటికంటే ముందు అమ్మీకి, అబ్బాకు ఏది ఇష్టమో అడగండి. పెద్దమనుషులు కావాలంటే మన సంఘం ఉంది.