మన నుడికి మన గాదె
(చంద్రపూర్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



నేను మాట్లాడబోయే అంశం ఆహ్వానపత్రంలో చూసి కొందరు మిత్రులు నవ్వారు. భాషాసభలో ప్రాసెసర్లు, మెమరీల గొడవ ఏమిటన్నారు. వారి నవ్వు సహేతుకమే. అందుకని కంప్యూటరుతో కాక, మాకు జరిగిన ఒక నష్టంతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట మేం ముగ్గురం ఈ జిల్లా తెలుగు మాటలను కూర్చాలని పూనుకొన్నాం. ఒకరు బొగ్గుబాయి పనివారి మాటలు, ఒకరు బల్లార్‌పూర్ కాగితపు మిల్లు వాడలలోని మాటలు, నేను రాజురా వైపు పల్లెల మాటలు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నాందేడ్‌కు, 1959లో ఈ జిల్లాకు వచ్చింది. గీత జరిగింది, ఇళ్లలోని మాట జరగలేదు. ఆ మాట మరాఠీతో, హిందీతో, గోండితో కలిసి ఏ రూపం తీసుకొన్నదో రాసిపెట్టాలని మా కోరిక.

రాసిన దస్త్రాన్ని ఈమెయిలులో ఒకరికొకరం పంపుకొనేవాళ్లం. మొదట "పదాలు", తరువాత "పదాలు చివరిది", ఆపైన "పదాలు ఇదే చివరిది". ఇందరు చివరివాళ్లలో ఎవరు నిజంగా చివరో తేలలేదు. ఒకరు సరిచేసిన ప్రతిమీద మరొకరు తమ పాతప్రతిని ఎక్కించారు. నాలుగు వందలకు పైగా బాయి మాటలు పోయాయి. ఎవరు చెరిపారన్నది కాదు బాధ. ఆ మాటలు చెప్పిన పెద్దాయన అప్పటికే కాలం చేశారు. మళ్లీ వెళ్లి అడగడానికి లేదు.

ఇటువంటి చిక్కు ప్రోగ్రాములు రాసేవారికి ఎప్పుడో వచ్చింది. వేలమంది కలిసి రాసే లినక్స్ కెర్నల్ కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే పనిముట్టును తయారుచేశాడు. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అది రాసిపెట్టుకొంటుంది. ఇద్దరు ఒకే వరుసను రెండు విధాలుగా మారిస్తే ఒకరిది చెరిపివేయక, ఆగి అడుగుతుంది. ఆ గిట్ గాదెలను ఒకచోట ఉంచి, చుట్టూ చర్చకు, పరిశీలనకు, ఆమోదానికి చోటు కల్పించేదే కోడు సహకార సర్వరు. అది కోడు కోసమే పుట్టినా, నిఘంటువులోని వరుస కూడా వరుసే. ఫాంటు, అక్షరదోషాలు పట్టే పదపట్టిక, తెలుగులోకి మార్చిన మెనూల మాటలు, అన్నీ దానిలో ఇమిడిపోతాయి.

గిట్‌హబ్ వంటివి ఉచితంగా ఇస్తుంటే సొంతం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వాటిని నేనూ వాడుతున్నాను, మీరూ వాడండి. కాని అద్దె ఇంట్లో పెట్టిన బీరువాకు ఇంటి యజమాని తాళం కూడా ఒకటి ఉంటుందని మరువవద్దు. గిటోరియస్ 2015లో మూతపడింది. గూగుల్ కోడ్ అదే ఏడు కొత్త పనిని ఆపి 2016లో మూసివేసింది. యాహూ గ్రూపులలో రచ్చబండ వంటి తెలుగు చర్చావేదికలు ఏళ్లతరబడి నడిచాయి. 2019 డిసెంబరులో ఆ సంస్థ పాత ఉత్తరాలను తొలగించింది, మరుసటి డిసెంబరుకు గ్రూపులే లేవు. 2014 డిసెంబరులో మన ప్రభుత్వమే 32 వెబ్‌సైట్లను ఆపమని ఆదేశించినపుడు ఆ జాబితాలో గిట్‌హబ్ కూడా ఉన్నది. 2019లో అమెరికా ఆంక్షల వలన ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వాడుకరులకు గిట్‌హబ్ సేవలు తగ్గిపోయాయి. వారు చేసిన తప్పేమీ లేదు, ఉన్న ఊరే తప్పయింది. వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. వాళ్ల నిర్ణయాలలో మన మాట ఉండదని అంటున్నాను.

ఇక అసలు సంగతి. సొంత సర్వరుకు ఎంత యంత్రం కావాలి?

పెద్దదానితో మొదలుపెడదాం. గిట్‌ల్యాబ్‌ను 2011లో ఉక్రెయిన్‌లో ద్మిత్రో జాపొరోజెట్స్ మొదలుపెట్టాడు. అప్పుడు అతనున్న ఇంట్లో కుళాయి నీళ్లు కూడా లేవట. ఆ ఇంట్లో పుట్టినది ఇప్పుడు ఏనుగంత అయింది. వెయ్యిమంది వాడుకరుల దాకా 8 కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ ఉండాలని దాని పత్రాలు చెబుతాయి. కారణం ఉన్నది. అది ఒక్క ప్రోగ్రాము కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, రెడిస్, వెబ్ పుటలను అందించే ప్యూమా, వెనకనుండి పనులు చేసే సైడ్‌కిక్, గాదెలను చూసుకొనే గిటాలీ, అన్నీ ఒకేసారి లేచి కూర్చుంటాయి. ఎవరూ తలుపు తట్టకపోయినా వాటికి మేత వేయవలసిందే. కొన్ని సౌకర్యాలను ఆపివేసి చిన్న యంత్రంమీద నడిపే దారి ఉన్నది గాని, ఏనుగుకు ఉపవాసం నేర్పినట్లుంటుంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు గిట్‌ల్యాబ్‌ను సొంత సర్వరుమీదనే నడుపుతున్నారు. విద్యార్థులూ కార్యకర్తలూ అందరూ వాడే చోట అది తగినదే. పదిమందిమి ఉన్న మనకు అవసరం లేదు.

మనకు తగినవి గిటీ, ఫోర్జెజో. గోగ్స్ అనేదాని నుండి 2016లో గిటీ చీలింది. దాని వ్యవహారాలు ఒక కంపెనీ చేతికి వెళ్లడం నచ్చనివారు 2022లో ఫోర్జెజోను వేరుచేశారు. ఈ చీలికలు చూసి భయపడవద్దు. మూలం అందరిదీ అయినప్పుడు అలిగినవాడు కూడా ఉట్టిచేతులతో పోనక్కరలేదు. రెండూ ఒకే దస్త్రంగా దిగుతాయి, చిన్న డేటాబేసు ఎస్‌క్యూలైట్ లోపలే ఉంటుంది. చిన్న బృందానికి 2 కోర్లు, 1 గిగాబైటు మెమరీ చాలునని, రాస్ప్‌బెరీ పై 3 మీద కూడా నడుస్తుందని గిటీ పత్రాలే అంటున్నాయి. ఆ పెట్టె అరచేతిలో పడుతుంది. దానికి కావలసిన కరెంటు 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు, అంటే హెచ్చులో హెచ్చు 12.5 వాట్లు. నెలంతా రాత్రింబవళ్లు నడిపినా 9 యూనిట్లు దాటదు. మీ ఇంట్లో మూలపడిన పాత ల్యాప్‌టాప్ ఉంటే అది కూడా చాలు.

చోటు ఎంత కావాలన్నదానికి మన లిపి లెక్క వేరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటకు 18. అయినా ఒక పదానికి అర్థం, వాడుక, ఊరు అన్నీ కలిపి వెయ్యి బైట్లు అనుకొన్నా, లక్ష పదాలకు 100 మెగాబైట్లే. గొంతుల రికార్డింగుల సంగతి అలా కాదు. కుదించని శబ్దం, సీడీ నాణ్యతలో ఒక్క చానెలు, గంటకు సుమారు 317 మెగాబైట్లు. వంద గంటలు పట్టుకొంటే 32 గిగాబైట్ల దాకా. గిట్ ఒకసారి మింగినదాన్ని మరువదు కనుక ధ్వనులను నేరుగా దానిలో పోయకూడదు. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ అనే పక్కగదిలో పెట్టాలి. మెమరీ కార్డును నమ్ముకోకుండా ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించాలి.

అనుభవంమీద తెలిసిన రెండు చిన్న సంగతులు చెప్పనివ్వండి. దస్త్రానికి తెలుగు పేరు పెడితే గిట్ దాన్ని వాలుగీతలూ అంకెలుగా చూపిస్తుంది. పేరు చెడిపోలేదు, కోర్.కోట్‌పాత్ అనే అమరికను ఆపితే మన అక్షరాలు తిరిగివస్తాయి. రెండవది, ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలు కలిపీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. "మైసమ్మ" అన్న మాట పట్టికలో రెండుసార్లు ఎందుకున్నదో తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. ఎక్కించే ముందే అన్నిటినీ ఒకే రూపానికి తేవాలి.

ఇప్పుడు ఏ పత్రంలోనూ రాయని అవసరాలకు వద్దాం. ఇవే బరువైనవి.

చంద్రపూర్ ఎండ మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 47 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు. ఆ చిన్న పెట్టెలోని ప్రాసెసరు 85 డిగ్రీలకు చేరితే తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. రేకుల గదిలో, అటకమీద పెట్టకూడదు. కరెంటు సంగతి మరీ విడ్డూరం. ఊరి పక్కనే 2920 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉన్నది, మన వాడలో దీపం పోతుంది. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే డేటాబేసు దెబ్బతినవచ్చు, కనుక చిన్న యూపీఎస్ తప్పనిసరి. అనేక ఇళ్ల ఇంటర్నెట్టు కనెక్షన్లకు బయటినుండి పిలవడానికి వీలైన సొంత ఐపీ చిరునామా ఉండదు. కంపెనీని అడిగి స్థిరమైన చిరునామా తీసుకోవాలి, లేదా చిన్న అద్దె సర్వరును గుమ్మంగా పెట్టుకోవాలి. పేరు మాత్రం .భారత్‌తో తెలుగులోనే నమోదు చేసుకోవచ్చు. ఎవరైనా వచ్చి చేరే తలుపును మూసిపెట్టండి. తెరిచి ఉంచితే వారంలోగా ప్రకటనలవాళ్లు వచ్చి కూర్చుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రపు నకలు. గిట్‌లో గాదెను దించుకొన్న ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర మొత్తం ఉంటుంది. పది ఇళ్లలో ప్రతులుంటే ఒక ఇల్లు తగలబడినా మాటలు పోవు. ఇక్కడే చాలామంది నిశ్చింత పడి మోసపోతారు. మాటలు గిట్‌లో ఉంటాయి, మాటలమీద మనం చేసిన వాదన గిట్‌లో ఉండదు. ఈ మాట మరాఠీ నుండి వచ్చిందా, పాత తెలుగేనా, ఫలానా అవ్వ దీన్ని ఏ సందర్భంలో పలికింది, ఎందుకు ఉంచాం, ఎందుకు తీశాం, అదంతా సర్వరులోని డేటాబేసులో ఉంటుంది. నా దృష్టిలో పట్టికకన్నా ఆ వాదనే విలువైనది. దాన్ని వేరుగా ప్రతి రాత్రి దింపి, మరో ఊరికి పంపాలి. దింపడానికి గిటీలోనూ ఫోర్జెజోలోనూ డంప్ అన్న ఆదేశం ఉన్నది. పంపిన నకలును మూడు నెలలకొకసారి వేరే యంత్రంమీద నిలబెట్టి చూడాలి. తెరిచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ చేయడానికి మనిషి కావాలి, ఒక్కరు కాదు, ఇద్దరు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు బదిలీ అయిన రోజున సర్వరుకు తల ఉండదు. భద్రతా సవరణలు వచ్చినపుడు ఎక్కించడానికి నెలకు రెండు సాయంత్రాలు చాలు. మన పిల్లలలో ఇంజనీరింగు చదివేవారు ఎందరో ఉన్నారు. వారిలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేని వారే ఎక్కువ. వారిని ఈ పనికి పిలిస్తే సర్వరు నేర్పుతూ అక్షరమాల కూడా నేర్పవచ్చునని నాకు ఒక దురాశ. ఫోర్జెజో తెరమీది మాటలు అనువాదానికి తెరిచి ఉన్నాయి, అక్కడినుండే మొదలుపెట్టించవచ్చు.

నేను తెచ్చిన పెట్టె అదిగో, నీళ్ల కుండ పక్కన బల్లమీద ఉన్నది. మిగిలిన బాయి మాటలు దానిలో ఎక్కించాను. ఒక సంరక్షకుడిగా నా పేరు రాసుకోండి. రెండవ పేరు బల్లార్‌పూర్ నుండి గాని రాజురా నుండి గాని రావాలి. రెండవ తాళపుచెవి ఉన్న కవరు అధ్యక్షులవారి దగ్గర ఉంచాను, పేరు ఇచ్చినవారు వారినడిగి తీసుకోవచ్చు. సెలవు.