కంప్యూటరు ముందు ఒక వారం
(బుక్కరాయసముద్రంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకు వస్తుంది. దాని గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. "రిటైరయ్యాక ఏదో స్వచ్ఛంద సంస్థలో కంప్యూటరు పని చేస్తున్నావట, అదేమిటో చెప్పు" అని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ మధ్య గడిచిన ఒక వారం సంగతి మనవి చేస్తాను. అందులో నా తప్పు ఒకటి ఉంది. అదీ చెబుతాను.

నేను సహాయ గణాంకాధికారిగా పదవీ విరమణ చేశానని మీలో చాలామందికి తెలుసు. వేరుశనగ చేలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, తాడు కట్టి, పంటకోత ప్రయోగం చేసి కాయలు తూకం వేసినవాడిని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మనది. ఆ చిన్న గడిలో పడే తూకాన్ని బట్టి రైతులకు బీమా డబ్బు రావడమో, రాకపోవడమో ఉండేది. అందుకని అంకె అంటే నాకు మొదటినుంచీ భయభక్తులు.

ధర్మసంస్థలకు లెక్కలేమిటని కొందరు అడుగుతారు. 1969లో ఫాదర్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్.డి.టి. మొదలుపెట్టిన నాటినుంచి చూడండి. ఎక్కడో స్పెయిన్ దేశంలోని దాత పంపే డబ్బు ఇక్కడి పల్లెలో ఒక బిడ్డ పేరుతో ముడిపడాలంటే, ఆ బిడ్డకొక దస్త్రం ఉండాలి కదా. ఆ దస్త్రమే ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కింది. నేను పని చేసేది అంత పెద్దచోట కాదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు నెలకొక సరుకుల సంచి ఇచ్చే చిన్న సంస్థ, పేరు ఎందుకులెండి. నాతోపాటు ఇద్దరు ఆడపిల్లలు, మన మనవరాళ్ల ఈడు వాళ్లు. మామూలుగా నన్ను "సార్" అంటారు, కోపమొస్తే "తాతా" అంటారు.

సోమవారంనాడు పల్లెలనుంచి ఫోన్లలో ఎక్కించిన జాబితాలు వచ్చాయి. మన ఊరి పేరే తీసుకోండి. ఒకరు బుక్కరాయసముద్రం అని, ఒకరు సముద్రము అని, ఒకరు బి.కె.ఎస్. అని కొట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవాళ్లు తలా ఒక రకం. కంప్యూటరుకు ఇవన్నీ వేరువేరు ఊళ్లు. బుక్కరాయల పేరిట ఈ చెరువు కట్టించాడని చెప్పే చిక్కప్ప ఒడెయరు చూస్తే నవ్వుకునేవాడు. ఇక వయస్సులు చూస్తే అందరికీ 60, 65, 70. 67 ఏళ్ల మనిషి దొరకడం కష్టం. మన జనగణనలోనూ ఇదే జబ్బు ఉంది. ఆ రోజంతా ఊళ్ల పేర్లు సరిచేయడంతోనే సరిపోయింది.

మంగళవారం రెండుసార్లు పడిన పేర్లు ఏరివేసే పని. ఒకే ఊరు, ఒకే పేరు, భర్త పేరు ఒకటే, ఫోను నంబరు ఒకటే అయితే రెండో వరుస తీసేయమని యంత్రానికి చెప్పాము. అలా చెప్పుదామన్నది నేనే. ఒక పల్లెలో ఇద్దరు లక్ష్మీదేవులు తేలారు (పేరు మార్చి చెబుతున్నాను). ఇద్దరి భర్తలూ నారాయణలే, ఇద్దరూ గతించారు. నంబరూ ఒకటే. వయస్సు ఒకచోట 65, ఇంకోచోట 70 ఉంది. మనవాళ్ల వయస్సుల సంగతి తెలిసినవాణ్ణి కదా, అది పట్టించుకోవలసినది కాదనుకున్నాను. ఒక మీట నొక్కితే ఒక లక్ష్మీదేవి పోయింది. బుధవారం ఏదో పద్దుల పనితో గడిచింది.

గురువారం సంచులు పంచారు. సాయంత్రం పిల్లల్లో ఒకామె వచ్చి, "సార్, ఒక అవ్వ పేరు లేదంటే ఊరికే వెనక్కి పోయింది, గొడవ కూడా చేయలేదు" అని చెప్పింది. గొడవ చేసి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదేమో.

శుక్రవారం పొద్దున్నే స్కూటరు మీద పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని కాయలు వలుస్తూ ఉంది.

"నిన్న ఎందుకు అడగలేదమ్మా?" అన్నాను.

"పేరు లేదన్నారు సామీ. పేరే లేకుంటే ఏమని అడిగేది?"

"మరి తిండికి?"

"ఆ కింద వీధి లక్ష్మీదేవి లేదా, ఆయమ్మ తన సంచిలో సగం పోసింది."

ఫోను ఇద్దరికీ లేదు. పక్కింటి కుర్రవాడి నంబరు ఇద్దరూ ఇచ్చారు. ఊళ్లో ఎవరినడిగినా ఈమెను గుడికాడ లక్ష్మీదేవి అంటారు, ఆమెను కింద వీధి లక్ష్మీదేవి అంటారు. ఊరంతటికీ తెలిసిన ఆ తేడా రాసుకోవడానికి మా ఫారములో గడి లేదు.

సంచి ఇచ్చి వేలిముద్ర వేయమంటే, కాయలు వలిచి అరిగిన వేలు యంత్రం పట్టలేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది మొదలు మనమూ బొటనవేలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, బ్రతికే ఉన్నామని యంత్రాన్ని బ్రతిమాలుకుంటున్నవాళ్లమే కదా. కాగితం మీద వేయించుకుని వచ్చాను. నేను లేస్తూ ఉంటే, "ఆయమ్మకు సగం తిరిగి ఇయ్యాల సామీ, కొంచెం ఎత్తి పెట్టు" అని అవ్వ చేట తెచ్చింది. బియ్యం నేనే కొలిచాను.

శనివారం అందరం కూర్చున్నాము. "ఊళ్లో ఏమని పిలుస్తారు" అన్న గడి ఒకటి కొత్తగా పెట్టించాను. యంత్రం ఇక పేర్లు చూపించాలే గాని తీసేయకూడదు, మనిషి పోయి చూసి వచ్చాకే తీయాలి అని రాసుకున్నాము. దానివల్ల పని ఆలస్యమవుతుందని ఒకరు అభ్యంతరం చెప్పారు. అవుతుంది, కాదనలేదు. మరొక పేచీ కూడా వచ్చింది. మా ఫారములో బిడ్డలు ఎందుకు చూడటం లేదన్న ప్రశ్న ఒకటి ఉంది. వీధిలో నలుగురి ముందు ఆ ప్రశ్న చదివితే ఆ ముసలి ప్రాణం ఏం జవాబు చెబుతుంది? ఆ జవాబును బట్టి మేము ఇచ్చేది పెరిగేది లేదు, తగ్గేది లేదు. 2023లో వచ్చిన చట్టం కూడా, మనిషి సమ్మతి మీద వివరాలు తీసుకునేటప్పుడు అవసరమైనంత వరకే తీసుకోమంటుంది. ఆ ప్రశ్న కొట్టివేయించడానికి మధ్యాహ్నం దాకా వాదించవలసి వచ్చింది.

చివరగా మిత్రులకు ఒక విన్నపం. మంగళవారంనాడు తీసేసిన వరుసలన్నీ మళ్లీ పైకి తెచ్చాము. అందులో రెండు పల్లెలకు ఇంకా ఎవరూ పోయి చూడలేదు. ఉపాధ్యాయులుగా, గ్రామాధికారులుగా పనిచేసినవాళ్లు మీలో ఉన్నారు, ఆ ఇళ్లు మీకు తెలుసు. సోమవారం ఉదయం 8 గంటలకు చెరువుకట్ట దగ్గర ఉంటాను. స్కూటరు ఉన్నవాళ్లు రండి. కళ్లద్దాలు మరచిపోవద్దు, జాబితా అచ్చు బాగా చిన్నది.

సెలవు.