దాత ఇచ్చిన రక్తం, రోగి అడిగే ప్రశ్న

ఇవాళ పట్టాలు పుచ్చుకుంటున్న యువ వైద్యులారా, ల్యాబ్ టెక్నాలజిస్టులారా, ఫిజియోథెరపిస్టులారా!

రేపు ఓపీలో కూర్చోగానే మీకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందంట, మళ్లీ పుడుతుందా బాబూ?" ఏళ్ల తరబడి వంగి నాట్లేసిన ఆమె అడుగుతుంది. నిలబడి పాఠాలు చెప్పిన మాస్టారూ అడుగుతారు. ఆ గుజ్జు, అంటే మృదులాస్థి, ఒకసారి దెబ్బతింటే మళ్లీ కోలుకోదని వైద్యుడు విలియం హంటర్ 1743లోనే లండన్‌లో రాశాడు. ఆ మాటను పూర్తిగా తిప్పికొట్టే మందు ఇప్పటికీ మన చేతిలో లేదు.

కారణం మీరు చదువుకున్నదే. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. చర్మం తెగితే రక్తం వచ్చి, గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు మరమ్మతు మొదలుపెడతాయి. కీలులోని గుజ్జుకు ఆ యోగం లేదు. రక్తం తనంతట చేరని చోటికి దాని సారాన్ని సూదితో చేర్చాలన్నదే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మా) వెనకున్న ఆలోచన. మామూలుగా రోగి సొంత రక్తాన్నే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తారు. కానీ ప్లేట్‌లెట్లు తక్కువున్న వృద్ధుడి సంగతేమిటి? స్టెంట్ వేయించుకుని, ప్లేట్‌లెట్లను అడ్డుకునే క్లోపిడోగ్రెల్ మింగుతున్నవారి సంగతేమిటి? పైగా ఒక్కొక్కరి రక్తం ఒక్కో తీరు, మందు మోతాదు ఇంతని చెప్పలేం. ఆరోగ్యవంతుడైన దాత రక్తం వాడితే ఎలా ఉంటుందన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది.

బ్లడ్ బ్యాంకులో ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి ఒక మాట చెబుతాను. అజిటేటర్ మీద 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊగుతుండే ప్లేట్‌లెట్ల సంచిని ఒకసారి చేతిలోకి తీసుకోండి. లేత పసుపు ద్రవం. వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా కదిపితే లోపల పట్టుచీర మడతల్లా మెరుపు సుడులు తిరుగుతుంది. ఆ మెరుపుంటే ప్లేట్‌లెట్లు బాగున్నట్టు. సాధారణంగా అయిదు రోజులే గడువు, అది దాటితే రోగికి ఎక్కించకూడదు. అలా గడువు దాటిన సంచుల్ని ఘనీభవింపజేసి, కరిగించి, పగిలిన ప్లేట్‌లెట్ల సారాన్ని కణాల పెంపకానికి వాడే ప్రయోగశాలలున్నాయి. ఒక మనిషి చొక్కా చేయి మడిచి ఇచ్చినది డ్రైనేజీ పాలు కాకపోవడం నాకెంతో సంతోషం.

అయినా పరాయి రక్తం పరాయిదే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసినా ముప్పు పూర్తిగా సున్నా కాదు. ప్లేట్‌లెట్ల మీద ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులుంటాయి. మోకాలికి ఇచ్చిన సూది వల్ల రోగి ఒంట్లో వాటికి ప్రతిరక్షకాలు పుట్టాయనుకోండి, రేపు ఏ కేన్సర్ చికిత్సలోనో ఆ రోగికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే నిలవకపోవచ్చు. నొప్పి తగ్గించబోయి ప్రాణం మీదికి తేకూడదు.

ఫలితం మాటకొస్తే, సొంత రక్తంతో చేసే పీఆర్‌పీ సంగతే ఇంకా తేలలేదు. కొన్ని పరిశీలనల్లో నొప్పి తగ్గింది. ఆస్ట్రేలియా పరిశోధకులు మాత్రం మోకాలి కీలు అరిగిన 288 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పీఆర్‌పీ, ఇంకో జట్టుకు ఉప్పునీరు, వారానికొకటి చొప్పున మూడు సూదులిచ్చారు. ఏడాది తర్వాత నొప్పిలోగానీ మృదులాస్థి పరిమాణంలోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2021లో జామా పత్రికలో ప్రకటించారు. కాబట్టి "గుజ్జు మళ్లీ పుట్టిస్తాం" అనే బోర్డు మీద మీ పేరు కనబడకూడదు. పెన్షన్ డబ్బు దాచుకుని వచ్చిన మనిషికి ఆశను అమ్మడం వైద్యం కాదు.

దాత ప్లేట్‌లెట్ల మీద పరిశోధన ఆగాలని నేననడం లేదు, మీ చేతుల్లో సాగాలనే కోరుకుంటున్నాను. మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి. పోల్చడానికి ఉప్పునీటి జట్టును పెట్టండి. అంగీకారపత్రం తెలుగులో రాసి, చదవలేనివారికి మీరే చదివి వినిపించండి. శిబిరంలో రక్తమిచ్చిన కుర్రాడు ఏ డెంగీ రోగికో, బాలింతకో అనుకుని ఇచ్చాడు, పరిశోధనకు వాడుకోవచ్చా అని అతణ్ణీ ముందే అడగండి. ఏడాది నిండాక రోగికి ఫోన్ చేసి, మెట్లెక్కగలుగుతున్నారా అని కనుక్కోండి. లేదని చెబితే, ఆ జవాబునూ అంతే శ్రద్ధగా రాసి ప్రచురించండి.