పిల్లకు ఏం వచ్చో ముందు రాయండి



బడిలో ఆడపిల్ల గురించి రాసే మాట బడి గోడల మధ్యే ఆగదు. ప్రగతి పత్రంలో 'లెక్కలు రావు, వెనకబడింది' అని రాస్తే ఇంట్లో అది చదువు మాన్పించడానికి సాక్ష్యమవుతుంది. వెనకే పెళ్లి మాట వస్తుంది. మగపిల్లవాడికైతే ట్యూషన్ పెట్టిస్తారు.

అందుకే పిల్లకు ఏం రాదో రాసేముందు ఏం వచ్చో రాయాలంటున్నాను. పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి వెళ్లి, తర్వాత కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేరిన అమ్మాయిని తీసుకోండి. వారం కూలి నోటిలెక్కతో చెబుతుంది. ఆ లెక్కను పలకమీదికి తేవడం టీచరు పని. వచ్చినదేదో తెలిస్తేనే రానిది ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. 'ఓర్పు ఎక్కువ, తమ్ముణ్ణి బాగా చూసుకుంటుంది' అని రాయడం బలాన్ని గుర్తించడం కాదు, చాకిరీకి యోగ్యతాపత్రం ఇవ్వడం. మెచ్చుకుని, చదవడం నేర్పకుండా పై తరగతికి పంపడమూ మోసమే.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర, సమగ్ర మూల్యాంకనం ఉండాలంటోంది. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో తప్పినవారిని మళ్లీ పరీక్ష పెట్టాక అదే తరగతిలో ఆపే వీలు ప్రభుత్వాలకు వచ్చింది. అలా ఆగిన ఆడపిల్ల తిరిగి బడికి వస్తుందన్న హామీ ఏమిటి?

బడి యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలుండాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆ తల్లులతో కూర్చుందాం. వాళ్లు అడగవలసినవి రెండే: మా పిల్లకు ఏం వచ్చు? వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పుతారు? రాసివ్వండి.