లతకు తగిన వరుడెవడు?
(సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



విక్రమ్ సేఠ్ ఆంగ్లమున రచింపగా 1993లో వెలువడిన 'ఎ సూటబుల్ బాయ్' అను నవలను గూర్చి నేడు కొంత ముచ్చటించెదను. అది 1349 పుటల గ్రంథము. దానిని మోయు పాఠకుని మణికట్టు నొచ్చునని రచయితయే ఆరంభ పద్యమున పరిహాసమాడినాడు. నేను పరుండి చదువబోయి రెండు మారులు ముక్కుపై పడవేసికొంటిని. ఆ యేడు బుకర్ బహుమతి తుది జాబితాలో దీనికి చోటు దొరకలేదు. మరుసటి యేడు కామన్వెల్త్ బహుమతి లభించినది. విమర్శకులకే ఏకాభిప్రాయము లేనప్పుడు మనకెట్లు కుదురును?

కథాకాలము 1951-52. రైల్వే ఉద్యోగి వితంతువగు రూపా మెహ్రా, పెద్ద కుమార్తె పెండ్లినాడే, చిన్నది లత కూడ తాను చూపిన వరునే చేసికొనవలెనని శాసించును. లత ముందు మువ్వురు నిలుతురు: చరిత్ర చదువుచున్న కబీర్, కవి యగు అమిత్, పాదరక్షల కర్మాగారమున పనిచేయు హరేష్. కబీర్ మహమ్మదీయుడు. చివరకు లత హరేష్‌ను వరించును.

నిడివిని గూర్చి మా కార్యాలయ మిత్రుడొకరు, "జమీందారీ రద్దు చర్చలన్నియు దాటవేసి, పెండ్లి సంగతులు మాత్రమే చదివితిని" అనిరి. నాకు ఆ చర్చలే రుచించినవి. ఫైళ్ల నడుమ వయస్సు గడచినవాని అభిరుచి యనుకొనుడు! కాని రెవెన్యూ మంత్రి మహేష్ కపూర్ ఏ శాసనమునకై పాటుపడుచున్నాడో, దానివలననే ఆయన ప్రాణమిత్రుడగు నవాబు భూములు పోవును. ఆ ఘట్టమును విడిచినవారు ప్రేమకథలో సగము విడిచినట్లే. స్నేహమును గాయపరచకుండ న్యాయము జరుగదా అను ప్రశ్నయే లత ఇంటిలోను ఉన్నది గదా.

ఇక వరుని సంగతి. మా ఇంట దీనిపై వారము దినములు వాగ్వాదము నడచినది. మా ఇంటియామె హరేష్ పక్షము. చేతిపని తెలిసినవాడు, తోలు ముట్టుటకు సిగ్గుపడనివాడు, అట్టివాడు పిల్లను ఆకలితో ఉంచడని ఆమె వాదము. మా అమ్మాయికి మాత్రము చివరి పుటలు చదువగనే కోపము వచ్చినది. "ఇన్ని పుటలు చదివించి, తుదకు తల్లి మాటయే నెగ్గించినాడు" అని పుస్తకమును బల్లపై పడవేసినది.

నేను మధ్యవర్తినై, లత తల్లికి లొంగలేదంటిని. నవలలోనే ఆమె స్నేహితురాలు మాలతి ఇదే కోపముతో నిలదీయును. ఉద్రేక ప్రణయము మనుష్యుని ఎంతకు తెచ్చునో లత కన్నులార చూచినది. మాన్ అసూయతో ప్రాణమిత్రుడైన ఫిరోజ్‌ను కత్తితో పొడిచినాడు. తనను తానే మరపించు ప్రేమ ఆమెకు భయము కలిగించినది. నిర్ణయము ఆమెదే. ఇది నాకు చక్కని సమాధానముగా తోచినది.

మా అమ్మాయి కొంతసేపు ఊరకుండి, "నాన్నగారూ, లత కబీర్‌నే కోరుకొన్నచో? మీరే ఆ తల్లి స్థానమున ఉన్నచో?" అని అడిగినది.

పదిమందిలో మతసామరస్యముపై ఉపన్యసించినవాడను. ఆ క్షణమున నోట మాట రాలేదు. వంటింటిలో గిన్నెల చప్పుడు కూడ ఆగినది. చివరకు, "ఆలోచించి చెప్పెదను" అంటిని. కార్యాలయమున మనము వ్రాయు జవాబు వంటిదే అది. మా అమ్మాయి కూడ ఆ మాటయే అన్నది.

ఆ రాత్రి మాలతి ఘట్టము మరల చదివితిని. మొదటిసారి లత మాటలు వింటిని. ఈసారి కబీర్‌ను గూర్చి తలంచితిని. అతనిలో ఏ దోషమును రచయిత చూపలేదు. రూపా మెహ్రాకు అతని పేరు వినినంతనే చాలినది. లత నిర్ణయము స్వేచ్ఛతో చేసినదే కావచ్చును. ఆ ఇంట కబీర్‌కు తలుపు తెరచియుండిన యెడల ఆ స్వేచ్ఛ ఎటు పోయెడిదో ఎవరు చెప్పగలరు? ఈ మాట మా అమ్మాయితో అంటిని. నా జవాబు మాత్రము ఇంకను బాకీయే.

గ్రంథము మా ఇంటనే ఉన్నది. కోరినవారు తీసికొనిపోవచ్చును. హిందీ చదువరులకు 1998లో గోపాలకృష్ణ గాంధీ చేసిన అనువాదము కలదు. ఒక్క మనవి: అట్టపై నా పచ్చడి మరక యున్నది, దానిని మీ ఖాతాలో వేయను.